హాస్పిటల్‌లో వచ్చే న్యుమోనియాకు రాపిడ్ పీసీఆర్ పరీక్ష: శాంపిల్ తీయడం నుంచి మందు మార్చేదాకా

"మా ఐసీయూకి పీసీఆర్ ప్యానెల్ వచ్చింది. రిపోర్టు గంట, గంటన్నరలో చేతికొస్తోంది. అయినా మందులు మాత్రం మూడో రోజు కల్చర్ వచ్చాకే మారుతున్నాయి. ఎక్కడ తప్పుతోంది?" డ్యూటీ డాక్టర్లు, నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. అందుకే మొత్తం పని వరుసగా రాస్తున్నాను. పీసీఆర్ ప్యానెల్ అంటే శాంపిల్‌లో చాలా క్రిముల జన్యుపదార్థాన్ని ఒకేసారి వెతికే పరీక్ష. కల్చర్ అంటే బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి చూడటం.

నా అనుభవంలో యంత్రం తప్పు చేయడం తక్కువ. పని చెడేది రెండు చోట్ల: యంత్రంలోకి వెళ్లకముందు శాంపిల్ దగ్గర, బయటికొచ్చాక రిపోర్టు చదివే దగ్గర. ఈ వ్యాసంలోనూ ఎక్కువ చోటు ఆ రెండింటికే ఇచ్చాను.

ఇక్కడ చెప్పే న్యుమోనియా అంటే, హాస్పిటల్‌లో చేరి 48 గంటలు దాటాక మొదలైనది. చేరేటప్పటికే లోపల మొదలై ఉన్నది లెక్కలోకి రాదు. శ్వాసనాళంలో ట్యూబు వేసి 48 గంటలు దాటాక వస్తే అది వెంటిలేటర్ న్యుమోనియా.

## 1. ముందు తేల్చుకోండి: ఈ రోగికి ఈ పరీక్ష అవసరమా?

పీసీఆర్ ఊపిరితిత్తుల్లో బ్యాక్టీరియా డీఎన్‌ఏ ఉందో లేదో చెబుతుంది. న్యుమోనియా ఉందో లేదో చెప్పదు. ఈ తేడా మనసులో నాటుకుంటే సగం తప్పులు జరగవు.

ట్యూబు వేసి కొన్ని రోజులైతే దాని లోపలి గోడకు బ్యాక్టీరియా జిగురు పొరలా పట్టేస్తుంది. అలాంటి రోగిలో ఏ రోజు పరీక్ష చేసినా ఏదో ఒకటి కనబడుతుంది. న్యుమోనియా లేని మనిషికి పరీక్ష పంపితే, లేని జబ్బుకు మందు మొదలుపెట్టినట్టే అవుతుంది.

పంపే ముందు ఇవి చూసుకోండి:

- ఎక్స్‌రేలోనో సీటీలోనో కొత్త నీడ వచ్చిందా, పాత నీడ పెరిగిందా?
- దాంతోపాటు వీటిలో కనీసం రెండు ఉన్నాయా: 38 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం, తెల్ల రక్తకణాలు 12,000 పైన లేదా 4,000 లోపు, చీములాంటి కఫం, ఆక్సిజన్ అవసరం పెరగడం?
- నీడకు వేరే కారణాలు ఆలోచించారా? ఊపిరితిత్తుల్లో నీరు చేరడం, కఫం అడ్డుపడి ఒక భాగం ముడుచుకుపోవడం, రక్తపు గడ్డ అడ్డుపడటం కూడా ఇలాగే కనిపిస్తాయి.
- వచ్చిన రిపోర్టును బట్టి మందు మార్చే ఉద్దేశం ఉందా?

చివరి ప్రశ్నే అసలైనది. పరీక్ష రాసే ముందు కేస్ షీట్‌లో రెండు మూడు వాక్యాలు రాయండి: "ఏమీ రాకపోతే ఈ మందు ఆపుతాం. ఎంఆర్‌ఎస్‌ఏ లేకపోతే వాంకోమైసిన్ తీసేస్తాం. కార్బపెనమేజ్ జన్యువు వస్తే ఈ మందుకు మారతాం." (ఎంఆర్‌ఎస్‌ఏ అంటే మామూలు మందులకు లొంగని స్టాఫిలోకాకస్ ఆరియస్, వాంకోమైసిన్ దానికిచ్చే మందు. కార్బపెనమేజ్ అంటే మెరోపెనెమ్ లాంటి మందులను పనిచేయనివ్వని ఎంజైమ్.) ఈ మాటలు రాయలేని పరిస్థితిలో ఉంటే పరీక్ష అప్పుడే వద్దు.

వీటికి పంపవద్దు: వారానికోసారి అలవాటుగా చూసుకోవడానికి, చికిత్స పనిచేసిందో లేదో తెలుసుకోవడానికి, కేవలం కఫం రంగు మారినందుకు, నీడ లేని జ్వరానికి.

ఒక హెచ్చరిక. రోగి షాక్‌లో ఉంటే రిపోర్టు కోసం ఆగకండి. శాంపిల్ తీయండి, వెంటనే మందు మొదలుపెట్టండి. శాంపిల్ తీయడం ఆలస్యమయ్యేలా ఉంటే మందే ముందు.

## 2. మీ ప్యానెల్‌లో ఏముంది, ఏం లేదు

ఇది తెలియకుండా రిపోర్టు చదివితే "లేదు" అన్న మాట మోసం చేస్తుంది. ఉదాహరణకు, ఎక్కువ చోట్ల వాడుతున్న బయోఫైర్ ఫిల్మ్‌అరే న్యుమోనియా ప్యానెల్‌ను తీసుకుందాం.

అందులో ఉన్నవి:

- అంచనా పరిమాణంతో చెప్పే 15 బ్యాక్టీరియాలు. క్లెబ్సియెల్లా, ఈ.కోలై, సూడోమోనాస్ ఎరూజినోసా, ఎసినెటోబ్యాక్టర్, ఎంటరోబ్యాక్టర్, సెర్రేషియా, ప్రోటియస్, స్టాఫిలోకాకస్ ఆరియస్, న్యుమోకాకస్, హీమోఫిలస్ వంటివి ఇందులోకి వస్తాయి.
- ఉందా లేదా అని మాత్రమే చెప్పే 3 బ్యాక్టీరియాలు: లెజియోనెల్లా న్యుమోఫిలా, మైకోప్లాస్మా, క్లమిడియా న్యుమోనియే.
- ఇన్‌ఫ్లుయెంజా, ఆర్‌ఎస్‌వీ లాంటి వైరస్‌లు.
- మందులకు లొంగని గుణాన్నిచ్చే జన్యువులు: మెక్‌ఏ/సీ (ఎంఆర్‌ఎస్‌ఏకు గుర్తు), సీటీఎక్స్-ఎం (సెఫ్ట్రయాక్సోన్ లాంటి మందులను పనిచేయనివ్వనిది), కార్బపెనమేజ్ జన్యువులైన కేపీసీ, ఎన్‌డీఎం, విమ్, ఇంప్, ఆక్సా-48 తరహా.

అందులో లేనివి: స్టెనోట్రోఫోమోనాస్, సిట్రోబ్యాక్టర్, మోర్గనెల్లా, బర్ఖోల్డేరియా, ఆస్పర్‌జిల్లస్, న్యుమోసిస్టిస్, క్షయ. అన్నిటికన్నా గుర్తుంచుకోవాల్సింది ఆక్సా-23. ఎసినెటోబ్యాక్టర్‌లో మెరోపెనెమ్ పనిచేయకపోవడానికి చాలాచోట్ల ప్రధాన కారణం ఈ జన్యువే. ఈ ప్యానెల్ దాన్ని వెతకదు.

వేరే కంపెనీ ప్యానెల్‌లో జాబితా వేరుగా ఉంటుంది. మీ దగ్గరున్న కిట్ జాబితాను ఒక పేజీలో రెండు వరుసలుగా, ఉన్నవి ఒకవైపు లేనివి మరోవైపు, ముద్రించి ఐసీయూ గోడ మీద అంటించండి. దీనికి పది నిమిషాలు చాలు, కానీ చేసేవాళ్లు తక్కువ.

## 3. మొదటి శాంపిల్‌కు ముందే జరగాల్సిన ఏర్పాట్లు

- ఫలితం ముందే తెలిసిన పాజిటివ్, నెగెటివ్ శాంపిల్స్‌తో ల్యాబ్ కిట్‌ను సరిచూసుకోవాలి.
- పీసీఆర్, గ్రామ్ స్టెయిన్ (శాంపిల్‌కు రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూడటం), కల్చర్ మూడూ ఒకే ఆర్డర్‌లో ఉండాలి. విడివిడిగా ఉంటే రాత్రిపూట కల్చర్ రాయడం మర్చిపోతారు.
- యంత్రం రాత్రి, సెలవు రోజుల్లో కూడా నడవాలి. ఉదయం దాకా ఫ్రిజ్‌లో ఉంచి చేసే పరీక్షను రాపిడ్ అనలేం.
- రిపోర్టు రాగానే ల్యాబ్ ఎవరికి ఫోన్ చేయాలి, వాళ్లు ఎత్తకపోతే తర్వాత ఎవరికి అన్నది పేర్లతో కాకుండా డ్యూటీ నంబర్లతో రాసిపెట్టాలి.
- ఏ ఫలితానికి ఏ మందు అన్న పట్టికను ఐసీయూ, మైక్రోబయాలజీ, ఫార్మసీ కలిసి కూర్చుని ముందే తయారు చేయాలి. అందులో రాసిన మందులు అర్ధరాత్రి కూడా ఫార్మసీలో దొరకాలి.

ఈ పట్టికలో మీ హాస్పిటల్ సొంత కల్చర్ లెక్కలే ఉండాలి. గత ఏడాది మీ ఐసీయూలో పెరిగిన సూడోమోనాస్‌లో ఎన్నిటికి మెరోపెనెమ్ పనిచేసింది, ఎన్నిటికి సెఫెపైమ్ పనిచేసింది అన్నది పక్క హాస్పిటల్ పట్టిక చెప్పదు.

## 4. శాంపిల్ తీయడం

ఇక్కడ తొందరపడితే తర్వాత ఎంత జాగ్రత్తపడ్డా దిద్దుకోలేం.

### 4.1 ఎప్పుడు తీయాలి

కొత్త యాంటీబయాటిక్ మొదటి డోసుకు ముందు, లేదా ఉన్న మందు మార్చే ముందు. అప్పటికే మందు నడుస్తుంటే కల్చర్‌లో బ్యాక్టీరియా పెరిగే అవకాశం తగ్గుతుంది. పీసీఆర్‌పై ఆ ప్రభావం తక్కువ కాబట్టి అలాంటి రోగిలో అది మరింత ఉపయోగపడుతుంది. కాకపోతే ఏ మందు, ఎన్ని గంటల ముందు ఇచ్చారో ఫారంలో తప్పకుండా రాయండి. అదే సమయంలో రెండు సెట్ల బ్లడ్ కల్చర్ కూడా తీయండి.

### 4.2 ట్యూబు ద్వారా సక్షన్ చేసి తీసే శాంపిల్

వెంటిలేటర్ మీదున్న రోగికి ఎక్కువగా చేసేది ఇదే.

1. చేతులు కడుక్కుని స్టెరైల్ గ్లవ్స్ వేసుకోండి. కొత్త స్టెరైల్ క్యాథెటర్, మ్యూకస్ ట్రాప్ (కఫం పట్టే చిన్న సీసా) పక్కన పెట్టుకోండి.
2. నోట్లో, కఫ్ (ట్యూబు చుట్టూ గాలితో ఉబ్బే బుడగ) పైన చేరిన లాలాజలాన్ని వేరే క్యాథెటర్‌తో తీసేసి, ఆ క్యాథెటర్‌ను పారేయండి. ఈ మెట్టు దాటేస్తే కఫం బదులు ఉమ్మి వస్తుంది.
3. 30 నుంచి 60 సెకన్లు 100 శాతం ఆక్సిజన్ ఇవ్వండి.
4. సక్షన్ పెట్టకుండా క్యాథెటర్‌ను లోపలికి పంపండి. తగిలినట్టు అనిపించగానే సెంటీమీటరు వెనక్కి లాగి, అప్పుడు సక్షన్ పెట్టండి. ఒత్తిడి 150 మి.మీ. పాదరసం దాటకూడదు. మొత్తం 15 సెకన్లలో బయటికి వచ్చేయాలి.
5. ట్రాప్‌లో కనీసం 1 మి.లీ. ఉండాలి.
6. మూత బిగించండి. పేరు, నంబరు, తీసిన సమయం లేబుల్‌ను మంచం పక్కనే అంటించండి.

సెలైన్ పోసి కడిగి తీయకండి. సెలైన్ కలిస్తే కఫం పలుచబడి, రిపోర్టులో పరిమాణం తక్కువగా కనిపిస్తుంది. కఫం మరీ గట్టిగా ఉండి పోయక తప్పకపోతే, ఎన్ని మి.లీ. పోశారో ఫారంలో రాయండి.

క్లోజ్డ్ సక్షన్ సెట్ (ట్యూబుకు తగిలించే ఉంచే సక్షన్ క్యాథెటర్) వాడుతున్నారా? రోజుల తరబడి అదే క్యాథెటర్ ఉంటే, దాని మీద ఎదిగిన బ్యాక్టీరియా కూడా శాంపిల్‌లోకి వస్తుంది. కొత్త సెట్ పెట్టి, వెంటనే తీయండి.

ఇప్పుడు ట్రాప్‌ను వెలుతురుకు ఎత్తి పట్టుకుని ఒకసారి చూడండి. మంచి కఫం ట్రాప్ గోడకు అంటుకుని, వంచితే మెల్లగా జారుతుంది. లోపల పసుపు, ఆకుపచ్చ ముద్దలు కనబడతాయి. నీళ్లలా పలుచగా, పైన బుడగల నురగతో ఉంటే అది ఉమ్మి. అలాంటిది ల్యాబ్‌కు పంపకుండా మళ్లీ తీయండి. ఆ ఐదు సెకన్ల చూపుకు నేనిచ్చే విలువ ఇంకే యంత్రానికీ ఇవ్వను.

### 4.3 బ్రాంకోస్కోప్‌తో కడిగి తీసే శాంపిల్

దీన్ని బాల్ అంటారు. జబ్బు ఉన్న చోటి నుంచే శాంపిల్ వస్తుంది కాబట్టి మంచిదే, కానీ ఆక్సిజన్ బాగా పడిపోయిన రోగికి, బీపీ నిలకడగా లేని రోగికి ప్రమాదం. నిర్ణయం మంచం దగ్గరున్న సీనియర్‌దే.

- నీడ ఎక్కడుందో ఎక్స్‌రేలో చూసుకుని ఆ భాగంలోకే వెళ్లండి.
- అక్కడికి చేరేదాకా స్కోప్ సక్షన్ వాడకండి. దారిలోని స్రావాలన్నీ చానెల్‌లోకి వచ్చేస్తాయి.
- మత్తు కోసం లిగ్నోకెయిన్ ఎంత తక్కువైతే అంత మంచిది. అది కొన్ని బ్యాక్టీరియాలను కల్చర్‌లో పెరగనివ్వదు.
- స్కోప్ కొనను నాళంలో బిగుతుగా కూర్చోబెట్టి, 100 నుంచి 150 మి.లీ. స్టెరైల్ సెలైన్‌ను విడతలుగా పంపి వెనక్కి లాగండి. పోసినదాంట్లో 30 శాతమైనా తిరిగి వస్తే శాంపిల్ నమ్మదగ్గది.

బ్రాంకోస్కోప్ లేకపోతే, క్యాథెటర్‌ను చూడకుండానే లోపలికి పంపి తక్కువ సెలైన్‌తో చేసే మినీ-బాల్ కూడా పనికొస్తుంది. ఏ పద్ధతిలో తీశారో ఫారంలో రాయడం మాత్రం మరవద్దు. కల్చర్‌లో న్యుమోనియా అనుకోవడానికి పెట్టుకునే హద్దు దాన్నిబట్టే మారుతుంది: బాల్‌లో మి.లీ.కు పదివేల కాలనీలు, సక్షన్ శాంపిల్‌లో లక్ష లేదా అంతకన్నా ఎక్కువ.

### 4.4 వెంటిలేటర్ మీద లేని రోగి

ఇతని దగ్గర మంచి శాంపిల్ రాబట్టడమే అసలు కష్టం. కూర్చోబెట్టి, మంచినీళ్లతో పుక్కిలించి ఉమ్మేయమనండి. నాలుగైదు లోతైన శ్వాసల తర్వాత గట్టిగా దగ్గమనండి. ఫిజియోథెరపిస్ట్ సాయం తీసుకోండి. ఉదయం మొదటి దగ్గుతో మంచి కఫం వస్తుంది.

ఎంత ప్రయత్నించినా ఉమ్మే వస్తుంటే దాన్ని పంపకండి. బదులుగా ముక్కు నుంచి ఎంఆర్‌ఎస్‌ఏ పీసీఆర్ స్వాబ్ పంపండి. అది నెగెటివ్ వస్తే ఊపిరితిత్తుల్లో ఎంఆర్‌ఎస్‌ఏ లేదని దాదాపు 95 శాతం నమ్మకంతో చెప్పవచ్చు. వాంకోమైసిన్ ఆపడానికి చాలాసార్లు ఆ ఒక్కటే సరిపోతుంది. పాజిటివ్ వస్తే మాత్రం న్యుమోనియా దానివల్లే అని కాదు. ముక్కులో ఉందని మాత్రమే అర్థం.

## 5. ల్యాబ్ దాకా

రెండు గంటల్లోపు చేరాలి. అంతకన్నా ఆలస్యమయ్యేలా ఉంటే 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో, అదీ 24 గంటలకు మించకుండా ఉంచాలి. ఫ్రీజర్‌లో పెట్టకూడదు. ట్రాన్స్‌పోర్ట్ మీడియాలో వేయకూడదు.

ఫారంలో ఉండాల్సినవి: తీసిన సమయం, పద్ధతి, ట్యూబు వేసి ఎన్ని రోజులు, గత మూడు రోజుల్లో ఇచ్చిన యాంటీబయాటిక్స్, ఫోన్ చేయాల్సిన నంబరు.

## 6. ల్యాబ్ లోపల

1. శాంపిల్‌ను బయోసేఫ్టీ క్యాబినెట్‌లోనే తెరవండి. పీసీఆర్‌కు కావాల్సిన భాగాన్ని అన్నిటికన్నా ముందు తీసి పక్కన పెట్టండి. కల్చర్ కోసం కఫాన్ని పలుచబరిచే ద్రావణం కలిపాక, సెంట్రిఫ్యూజ్ చేశాక తీసింది పనికిరాదు.
2. గ్రామ్ స్టెయిన్ చూడండి. తక్కువ పవర్‌లో ఒక ఫీల్డ్‌కు చదునైన నోటి కణాలు 10 లోపు ఉండాలి. కఫంలో చీము కణాలు 25 పైన ఉంటే మంచి శాంపిల్. నోటి కణాలే నిండుగా ఉంటే పీసీఆర్ పెట్టకుండా ఐసీయూకి ఫోన్ చేసి మళ్లీ అడగండి. ఒక కార్ట్రిడ్జ్ (యంత్రంలో పెట్టే, ఒక్కసారే వాడే కిట్) వృథా కావడం చిన్న నష్టం. తప్పు ఫలితాన్ని నమ్మి రోగికి మందు ఇవ్వడం పెద్ద నష్టం.
3. చీము ఎక్కువున్న, చిక్కటి భాగం నుంచే తీసుకోండి.
4. ప్రతి శాంపిల్‌కు గ్లవ్స్ మార్చండి. పని చేసే చోటును తాజాగా కలిపిన బ్లీచ్ ద్రావణంతో, తర్వాత నీళ్లతోనో ఆల్కహాల్‌తోనో తుడవండి. ఇంతకుముందు శాంపిల్‌లోని డీఎన్‌ఏ కాస్త అంటుకున్నా తర్వాతి రోగి రిపోర్టులోకి ఎక్కేస్తుంది.
5. పరీక్ష సరిగ్గా నడిచిందో లేదో చూపే అంతర్గత కంట్రోల్ ఫెయిలైతే ఆ రిపోర్టు "నెగెటివ్" కాదు, చెల్లదు అంతే. కొత్త కార్ట్రిడ్జ్‌తో మళ్లీ నడపండి. శాంపిల్ మరీ జిగటగా ఉంటే ఏం చేయాలో కిట్ పుస్తకంలో చూడండి.
6. ఫలితం రాగానే గ్రామ్ స్టెయిన్‌తో కలిపి ఫోన్‌లో చెప్పండి. విన్నవాళ్ల చేత తిరిగి చెప్పించుకోండి. సమయం రాయండి.

## 7. రిపోర్టు చదవడం

ముందు నాలుగు నియమాలు.

అంకె కాలనీల లెక్క కాదు. రిపోర్టులో మి.లీ.కు పదివేలు, లక్ష, పది లక్షలు, కోటి లేదా పైన అని వచ్చేది డీఎన్‌ఏ కాపీల సంఖ్య. కల్చర్‌లో వచ్చే కాలనీల సంఖ్య సాధారణంగా దీనికి పదో వంతు, ఒక్కోసారి ఇంకా తక్కువ. పీసీఆర్‌లో లక్ష చూసి కల్చర్ హద్దు దాటిందని రాసేయకండి.

చచ్చిన బ్యాక్టీరియా డీఎన్‌ఏ కూడా లెక్కలోకి వస్తుంది. అందుకే మందు మొదలుపెట్టిన మూడో రోజు మళ్లీ పరీక్ష చేసి "ఇంకా పాజిటివ్" అని టెన్షన్ పడటంలో అర్థం లేదు.

జన్యువు ఏ బ్యాక్టీరియాదో యంత్రానికి తెలియదు. రెండు గ్రామ్ నెగెటివ్ బ్యాక్టీరియాలు ఉండి ఒక జన్యువు కనబడితే, అది రెండిటిలో దేనిదైనా కావచ్చు. ప్రమాదకరమైనదానిదే అనుకుని మందు ఎంచుకోండి.

జన్యువు లేదంటే మందు పనిచేస్తుందని కాదు. బ్యాక్టీరియా మందును బయటికి తోసేయడం, గోడలోని దారులు మూసేసుకోవడం ఈ పరీక్షకు కనబడవు. సూడోమోనాస్ ఎక్కువగా ఈ దారుల్లోనే తప్పించుకుంటుంది. దీనికి మినహాయింపు స్టాఫ్ ఆరియస్. మెక్‌ఏ/సీ లేకపోతే ఎంఆర్‌ఎస్‌ఏ కాదని చాలావరకు ధైర్యంగా చెప్పవచ్చు.

ఇప్పుడు ఒక ఊహా రిపోర్టు చదువుదాం. ఆరు రోజులుగా వెంటిలేటర్ మీదున్న రోగి. కుడి కింది భాగంలో కొత్త నీడ, జ్వరం, ఆక్సిజన్ అవసరం పెరిగింది. పైపరాసిలిన్-టాజోబాక్టమ్, వాంకోమైసిన్ అప్పుడే మొదలుపెట్టారు.

- గ్రామ్ స్టెయిన్: చీము కణాలు నిండుగా, గ్రామ్ నెగెటివ్ కడ్డీలు చాలా
- క్లెబ్సియెల్లా న్యుమోనియే: కోటి లేదా పైన
- స్టాఫ్ ఆరియస్: పదివేలు
- సీటీఎక్స్-ఎం: ఉంది
- మెక్‌ఏ/సీ: లేదు
- కేపీసీ, ఎన్‌డీఎం, విమ్, ఇంప్, ఆక్సా-48: లేవు

మొదట గ్రామ్ స్టెయిన్‌ను, పీసీఆర్‌ను పక్కపక్కన పెట్టండి. కడ్డీలు నిండుగా ఉన్నాయి, క్లెబ్సియెల్లా కోటి దాటింది. రెండూ ఒకే మాట చెబుతున్నాయి. ఇదే అసలు కారణం. సీటీఎక్స్-ఎం ఉంది కాబట్టి సెఫ్ట్రయాక్సోన్, సెఫెపైమ్, పైపరాసిలిన్-టాజోబాక్టమ్ మీద ఆధారపడకూడదు. మెరోపెనెమ్‌కు మారాలి. స్టాఫ్ తక్కువ పరిమాణంలో ఉంది, గ్రామ్ స్టెయిన్‌లో గుండ్రటి గుత్తులు లేవు, ఎంఆర్‌ఎస్‌ఏ కాదు. కాబట్టి వాంకోమైసిన్ ఆపాలి. మామూలు స్టాఫ్‌ను మెరోపెనెమే చూసుకుంటుంది. ఒకే రిపోర్టుతో ఒక మందు పెంచాం, ఒకటి తీసేశాం.

ఇంకో రిపోర్టు: ఎసినెటోబ్యాక్టర్ పది లక్షలు, కార్బపెనమేజ్ జన్యువులు ఏవీ లేవు. ఇక్కడ "జన్యువుల్లేవు, మెరోపెనెమ్ చాలు" అనుకోవడం నేను చూసిన తప్పుల్లో అత్యంత ప్రమాదకరమైనది. ఆక్సా-23 జాబితాలోనే లేదు. మీ ఐసీయూ ఎసినెటోబ్యాక్టర్ లెక్కలు చూసి మందు నిర్ణయించాలి. ఇన్ఫెక్షన్ నిపుణుడికి అప్పుడే ఫోన్ చేయాలి.

మూడోది: అన్నీ నెగెటివ్. తొందరపడకుండా మూడు ప్రశ్నలు వేసుకోండి. శాంపిల్ మంచిదేనా? రోగి చాలా రోజులుగా మెరోపెనెమ్ మీద ఉన్నాడా? రోగనిరోధక శక్తి తగ్గే మందులు వాడుతున్నాడా? మెరోపెనెమ్ మీదున్న రోగిలో ఆ మందుకు పుట్టుకతోనే లొంగని స్టెనోట్రోఫోమోనాస్ గుర్తుకు రావాలి. రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లలో ఫంగస్ కోసం వేరే పరీక్షలు కావాలి. ఇవేవీ కాకపోతే, శాంపిల్ మంచిదైతే, నీడకు ఇన్ఫెక్షన్ కాని కారణాన్ని గట్టిగా వెతకండి.

ఎంటరోబ్యాక్టర్, క్లెబ్సియెల్లా ఎరోజీన్స్ వస్తే ఒక చిన్న జాగ్రత్త. సీటీఎక్స్-ఎం లేకపోయినా, వీటిలో ఉండే ఆంప్-సీ ఎంజైమ్ చికిత్స మధ్యలో పెరిగి సెఫ్ట్రయాక్సోన్‌ను విఫలం చేయగలదు. అలాంటప్పుడు సెఫెపైమ్ నయం.

## 8. మందు మార్చడం

ఫోన్ వచ్చిన అరగంటలో నిర్ణయం కేస్ షీట్‌లోకి ఎక్కాలి. మార్చకూడదనుకుంటే, ఎందుకో ఒక వాక్యం రాయాలి. గోడ మీద పట్టిక సుమారుగా ఇలా ఉంటుంది. మందుల పేర్లు మీ లెక్కలను బట్టి మారతాయి:

- స్టాఫ్ ఉంది, మెక్‌ఏ/సీ లేదు: వాంకోమైసిన్, లినెజోలిడ్ ఆపండి. సెఫాజోలిన్ లాంటి బీటా-లాక్టమ్ వాడండి.
- స్టాఫ్, మెక్‌ఏ/సీ రెండూ ఉన్నాయి: వాంకోమైసిన్ లేదా లినెజోలిడ్.
- మంచి శాంపిల్‌లో స్టాఫ్ అసలు లేదు: ఎంఆర్‌ఎస్‌ఏ మందు ఆపండి.
- కేపీసీ లేదా ఆక్సా-48: సెఫ్టాజిడైమ్-అవిబాక్టమ్.
- ఎన్‌డీఎం, విమ్, ఇంప్: సెఫ్టాజిడైమ్-అవిబాక్టమ్‌తోపాటు అజ్ట్రియోనామ్, నిపుణుడి సలహాతో. రోగికి ఐసోలేషన్ అదే గంటలో.
- సూడోమోనాస్: జన్యువులు లేకపోయినా, స్థానిక లెక్కల ప్రకారం పనిచేసే మందే. కల్చర్ వచ్చేదాకా తగ్గించకండి.
- ఇన్‌ఫ్లుయెంజా: ఒసెల్టామివిర్, ఐసోలేషన్.

మందు పెంచడం అందరికీ తేలిక. ఆపడానికే చేయి రాదు. రోగి పరిస్థితి బాగాలేనప్పుడు ఆ భయం సహజం, దాన్ని తక్కువ చేయను. కానీ అవసరం లేని వాంకోమైసిన్ కిడ్నీలను దెబ్బతీస్తే, ఆ బాధ పడేది కూడా అదే రోగి.

పరీక్షకున్న హద్దు కూడా తెలిసుండాలి. స్విట్జర్లాండ్‌లో బాల్ శాంపిల్స్‌పై చేసి 2022లో ప్రచురించిన ట్రయల్‌లో, సరికాని యాంటీబయాటిక్ మీద గడిచిన సమయం సగటున 86 గంటల నుంచి 47 గంటలకు తగ్గింది. బ్రిటన్‌లో 14 ఐసీయూల్లో జరిగి 2025లో ప్రచురితమైన ఇన్‌హేల్ ట్రయల్‌లో మందుల ఎంపిక స్పష్టంగా మెరుగుపడింది. కానీ రోగులు కోలుకోవడం పాత పద్ధతికి తీసిపోకుండా ఉందని మాత్రం అది నిరూపించలేకపోయింది. అందుకే రిపోర్టు చూసి మందు తగ్గించిన ప్రతి రోగినీ 24 గంటల్లో మళ్లీ చూడాలి. దిగజారుతుంటే వెనక్కి తగ్గి మందు పెంచడానికి సంకోచించకూడదు.

## 9. కల్చర్ వచ్చాక

రెండు మూడు రోజుల్లో కల్చర్, మందుల సున్నితత్వ రిపోర్టు (పెరిగిన బ్యాక్టీరియా ఏ మందులకు లొంగుతుందో చెప్పేది) వస్తాయి. అప్పుడు:

- ఏ మందు పనిచేస్తుందన్న దగ్గర రెండు రిపోర్టులూ విభేదిస్తే, కల్చర్ సున్నితత్వ రిపోర్టునే నమ్మండి.
- పీసీఆర్ పాజిటివ్, కల్చర్ నెగెటివ్ వస్తే: ముందే మందు ఇచ్చి ఉంటే ఇది మామూలే. పరిమాణం, గ్రామ్ స్టెయిన్, రోగి పరిస్థితి మూడూ కలిపి చూడండి.
- కల్చర్‌లో పెరిగింది ప్యానెల్‌లో లేనిదైతే, దాన్ని మీ "లేనివి" జాబితా పక్కన రాసుకోండి. ఆరు నెలల్లో మీ ఐసీయూలో ప్యానెల్ ఏం దాటవేస్తోందో తెలుస్తుంది.
- రోగి బాగా స్పందిస్తుంటే చాలామందికి 7 రోజుల మందు సరిపోతుంది. ఆపే తేదీని ఈ రోజే కేస్ షీట్‌లో రాయండి. ఆపడానికి ప్రొకాల్సిటోనిన్ అనే రక్త పరీక్షలో అంకె తగ్గడం తోడ్పడుతుంది. మొదలుపెట్టాలా వద్దా అన్నదానికి దాన్ని వాడకండి.

## 10. తరచూ జరిగే తప్పులు, దిద్దుబాట్లు

ప్రతి శాంపిల్‌లో నాలుగైదు బ్యాక్టీరియాలు వస్తున్నాయి. శాంపిల్‌లో ఉమ్మి కలుస్తోంది. 4.2లోని రెండో మెట్టు జరుగుతోందో లేదో పక్కన నిలబడి చూడండి. గ్రామ్ స్టెయిన్ వడపోత మొదలుపెట్టండి.

ఒకే రోజు వరుసగా ముగ్గురికి ఒకే బ్యాక్టీరియా, ఒకే జన్యువు. రెండు అవకాశాలు: ల్యాబ్‌లో కలుషితం, లేదా ఐసీయూలో వ్యాప్తి. ఖాళీ శాంపిల్ ఒకటి నడిపి ల్యాబ్‌ను పరీక్షించండి. అదే సమయంలో ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సుకు చెప్పండి. ఒకటి తేలేదాకా రెండోదాన్ని ఆపకండి.

రిపోర్టు రాత్రి రెండింటికి వచ్చింది, ఉదయం రౌండ్స్‌లో చూశారు. ఫోన్ నంబర్ల జాబితా పాతబడింది. డ్యూటీ ఫోన్ ఒక మనిషితో కాకుండా మంచాల దగ్గరే ఉండేలా మార్చండి.

పదివేలు చూసి మందు మొదలుపెట్టారు. తక్కువ పరిమాణం, గ్రామ్ స్టెయిన్‌లో ఏమీ లేదు, రోగి నిలకడగా ఉన్నాడు. అది చాలావరకు అక్కడ నివాసముంటున్న బ్యాక్టీరియానే. మందు ఆపి, గమనించండి.

పీసీఆర్ ఉందని కల్చర్ మానేశారు. ఆర్డర్‌ను ఈ రోజే కలిపేయండి.

## 11. నెలకోసారి చూసుకునే లెక్కలు

శాంపిల్ తీసినప్పటి నుంచి ల్యాబ్ చేరేదాకా ఎన్ని నిమిషాలు, చేరినప్పటి నుంచి ఫోన్ దాకా ఎన్ని, ఫోన్ నుంచి మందు మార్పు దాకా ఎన్ని. ఈ మూడింటినీ విడివిడిగా రాయండి. మొత్తం కలిపి చూస్తే ఆలస్యం ఎక్కడుందో తెలియదు. దాంతోపాటు ఎన్ని శాంపిల్స్ తిప్పి పంపారు, ఎన్నిసార్లు మందు తగ్గించారు, తగ్గించిన వాళ్లలో ఎంతమందికి మళ్లీ పెంచాల్సి వచ్చింది అన్నవి.

చాలాచోట్ల మొదటి నెల లెక్కలు తీస్తే ఎక్కువ సమయం యంత్రంలో కాక మొదటి అంకెలోనే పోతుంటుంది: లేబుల్ అంటించిన ట్రాప్ నర్సుల టేబుల్ మీద, తీసుకెళ్లే మనిషి కోసం ఎదురుచూస్తూ. ముందు అక్కడి నుంచి సరిచేయడం మొదలుపెట్టండి.